మడత చాకులు చేసేవాళ్లు ఏం మార్చాలి: సాన పట్టేవాడి వైపు నుంచి

సొంతంగా చిన్న వర్క్‌షాప్ పెట్టి మడత చాకులు చేద్దామనుకుంటున్నానని రాశారు. చాకులంటే ఇష్టం ఉన్నవాళ్లు ఇప్పటి కంపెనీ చాకుల్లో ఏం మారాలని కోరుకుంటారని, ఏ స్టీల్ పెడితే మెచ్చుకుంటారని అడిగారు. నేను చాకులు కొని వాడతాను, అంతకంటే ఎక్కువగా ఇతరుల చాకులకు సాన పట్టి, విప్పి శుభ్రం చేసి, బిగించి ఇస్తుంటాను. పెట్టెలోంచి తీసిన రోజున కనిపించని లోపాలు ఏడాది వాడకం తర్వాత నా బల్ల మీదికి వస్తాయి. అందుకే నేను చెప్పేవి కొత్త చాకును చేతిలో తిప్పి చూసి మురిసిపోయేవాళ్ల కోరికల్లా ఉండకపోవచ్చు.

స్టీల్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. అన్నిటికంటే ముందు మారాల్సింది అంచు వెనక మందం.

స్పెసిఫికేషన్లలో బ్లేడు మందం అని ఒక అంకె వేస్తారు, 3 మిల్లీమీటర్లనో 3.5 అనో. అది వెన్ను దగ్గరి మందం. బ్లేడు వెన్ను నుంచి కిందికి సన్నబడుతూ వచ్చి, చివర్లో పదును కోసం మరో చిన్న వాలు తిరుగుతుంది కదా, ఆ మలుపు దగ్గర కాలిపర్ పెట్టి కొలవండి. కోతను తేల్చేది ఆ అంకె. ఫ్యాక్టరీ చాకులు చాలావాటిలో అది 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. కోయడానికి హాయిగా ఉందనిపించే చాకుల్లో 0.3, 0.4 మధ్య ఉంటుంది. ఈ అంకెను ప్రకటనలో వేసే కంపెనీలు అరుదు.

తేడా తెలియాలంటే రెండు పొరల మందపాటి అట్టపెట్టె తీసుకుని రెండు రకాల చాకులతోనూ పొడుగ్గా కోసి చూడండి. రెండింటికీ ఒకేలా, చేతి మీది వెంట్రుకలు గీసేంత పదును పట్టండి. మందపాటిది మొదటి అంగుళం బాగానే దిగుతుంది. ఆ తర్వాత తెగిన అట్ట రెండు వైపులా బ్లేడు చెంపల్ని పట్టేసుకుంటుంది. చెయ్యి బలం పెడుతుంది, బ్లేడు కాస్త పక్కకి వాలుతుంది, అట్ట లోపలి ముడతలు నలిగి తెగిన చోట పీచులు లేస్తాయి. సన్నటిది అదే గీత మీద ఒకే బరువుతో చివరిదాకా పోతుంది. మొదటి చాకు యజమాని ఏమనుకుంటాడంటే, పదును పోయిందనుకుంటాడు. నా దగ్గరికి తెచ్చి మళ్లీ సాన పట్టమంటాడు. నేను గోటి మీద ఆనించి చూస్తే పదును అలాగే ఉంటుంది. అడ్డం పడుతున్నది మందం.

కాలిపర్ లేకపోయినా కంటితో పట్టుకోవచ్చు. చివరి చిన్న వాలు ఎంత వెడల్పుగా మెరుస్తోందో చూడండి. ఒక్కో పక్క 20 డిగ్రీల కోణంలో సాన పట్టిన చాకులో అంచు వెనక మందం 0.8 మిల్లీమీటర్లైతే ఆ మెరుపు పట్టీ దాదాపు 1.2 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. మందం 0.4 అయితే అందులో సగమే. ఫోటోల్లో ఈ పట్టీ అందంగా, స్పష్టంగా కనిపిస్తే సంతోషించకండి. కోణం మరీ తక్కువైతే తప్ప, ఆ చాకు మందంగా ఉందని అర్థం.

ఇంకో సంగతి, కాలం గడిచేకొద్దీ ఇది ముదురుతుంది. సాన పట్టినప్పుడల్లా అంచు కొద్దికొద్దిగా వెన్ను వైపు జరుగుతుంది, అంటే మందం ఎక్కువ ఉన్న చోటికి. లెక్క వేసి చూడండి. 3 మిల్లీమీటర్ల మందం, 25 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న బ్లేడును వెన్ను నుంచే చదునుగా వాలు తీస్తే, ఒక్కో పక్క వాలు సుమారు 3 డిగ్రీలు. అదే వాలును సగం ఎత్తు నుంచి మొదలుపెడితే 6 డిగ్రీలు. సాన మీద 2 మిల్లీమీటర్ల ఎత్తు అరిగేసరికి మొదటి దాంట్లో అంచు వెనక మందం 0.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది, రెండో దాంట్లో 0.4 పైనే. 0.7 దగ్గర మొదలైన చాకు నాలుగేళ్లు ఒళ్లు వంచి పనిచేశాక ఎలా తయారవుతుందో మీరే ఊహించుకోండి. నేను అలాంటివాటికి పదును పట్టే ముందు చెంపలు అరగదీసి పలచన చేస్తాను. కొనేవాడు చేయించుకోవాల్సిన పని కాదది, అమ్మేవాడు చేసి ఇవ్వాల్సింది.

కంపెనీలు ఊరికే మందంగా వదలవు, వాళ్ల ఇబ్బంది వాళ్లది. జనం చాకుతో డబ్బా మూతలు ఎగదీస్తారు, స్క్రూలు తిప్పుతారు, తలుపు సందుల్లో దూరుస్తారు. అంచు ఊడితే వారంటీ కింద వెనక్కి పంపుతారు. పైగా సన్నటి అంచు హీట్ ట్రీట్‌మెంట్‌లో, అంటే స్టీల్‌ను కాల్చి చల్లార్చి గట్టిపరిచేటప్పుడు, వంకర పోతుంది కాబట్టి ముందు మందంగా ఉంచి, గట్టిపడ్డాక మళ్లీ సన్నబరచాలి. గట్టి స్టీల్‌ను సన్నబరచడం నెమ్మదైన పని, బెల్టులు తినేస్తుంది, వేడి ఎక్కనివ్వకూడదు. డబ్బు అక్కడ ఖర్చవుతుంది. అయినా ఫ్రాన్స్ కంపెనీ ఒపినెల్ 1890 నుంచీ సన్నటి బ్లేడుతోనే చాకులు చేస్తోంది. విక్టోరినాక్స్ చాకుల బ్లేళ్లు కూడా పలచనివే. తరాల తరబడి జనం వాటితో రోజూ కోస్తున్నారు, అంచులు విరిగి కుప్పలుగా తిరిగొస్తున్న జాడేమీ లేదు. ఎగదీయడానికి వాడేవాడు మందపాటి చాకు మొననూ విరగ్గొడతాడు. వాడికోసం మిగతా అందరి కోతనూ చెడగొట్టడం నాకు నచ్చదు.

ఇందులో మా చాకుల పిచ్చివాళ్ల పాపమూ ఉంది. బలంగా ఉండాలి, ట్యాంకులా ఉండాలి అని కోరుకున్నది మేమే. 4 మిల్లీమీటర్ల వెన్ను చూసి చప్పట్లు కొట్టి, ఇంటికి తెచ్చుకుని దాంతో పార్సిల్ టేపు మాత్రం కోశాం. ఇప్పుడు గాలి కొంత మారింది. బెంచ్‌మేడ్ కంపెనీ బగౌట్ లాంటి 52 గ్రాముల చాకు, 2.3 మిల్లీమీటర్ల వెన్నుతో, అంతగా అమ్ముడుపోయిందంటే జేబులో బరువు వద్దనుకునేవాళ్లు, కోత కావాలనుకునేవాళ్లు ఉన్నట్టే.

తర్వాతి కోరిక ఫ్యాక్టరీ పదును. కొత్త చాకు పదునుగా ఉండాలని వేరే చెప్పక్కర్లేదు, చాలావరకు ఉంటోంది కూడా. నా ఫిర్యాదు ఆ పదును పెట్టే తీరు మీద. నీళ్లు లేకుండా వేగంగా తిరిగే బెల్టు మీద అంచును రుద్దితే, కొసన వెంట్రుకంత సన్నగా ఉన్న లోహం క్షణంలో వేడెక్కుతుంది. స్టీల్‌కు గట్టిదనం ఇచ్చేటప్పుడు చివర్లో దాన్ని ఫలానా వేడికి తెచ్చి నిలబెడతారు. చాకుల్లో వాడే చాలా స్టెయిన్‌లెస్ రకాలకు అది 150 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉంటుంది. బెల్టు మీద కొస అంతకంటే వేడెక్కితే అక్కడ మాత్రం స్టీల్ మెత్తబడుతుంది. చేత్తో పట్టుకుంటే బ్లేడు చల్లగానే ఉంటుంది, రంగు మారినా తర్వాత పాలిష్‌లో పోతుంది. అందుకే కొత్త చాకు పదును వారంలో పోయిందని, అదే చాకు మూడు నాలుగు సార్లు రాయి మీద పట్టాక ఎక్కువ కాలం నిలుస్తోందని చాలామంది గమనిస్తుంటారు. స్టీల్ బాగోలేదని తిట్టుకునే ముందు ఆ కాలిన కొసను రాయి మీద పోగొట్టి చూడమని నేను చెబుతుంటాను. మీరు చేసేటప్పుడు చివరి పదును నీళ్లతోనో, నెమ్మదైన బెల్టు మీదో పెట్టండి. ఈ ఒక్క జాగ్రత్తతో మీ చాకు స్టీల్‌కు మంచి పేరొస్తుంది.

రెండు పక్కల కోణం ఒకేలా లేకపోవడం, ఒక పక్క 17 డిగ్రీలు, ఇంకో పక్క 23 ఉండటం కూడా మామూలే. వాడుకలో పెద్ద నష్టం ఉండదు గానీ, కోణం పట్టి ఉంచే సాన పరికరం వాడేవాళ్లకు ఒళ్లు మండుతుంది. సరిచేయడానికి మంచి స్టీల్ వృథాగా అరగదీయాలి.

మడమ దగ్గర కూడా చూసుకోండి. బ్లేడు పిడిలోకి వెళ్లే చోట చెంప వాలు ఆగి, బ్లేడు మళ్లీ పూర్తి మందానికి వస్తుంది. చాలా చాకుల్లో పదును ఆ మందపు భాగంలోకి ఎక్కి ఆగుతుంది. అక్కడ రాయి సరిగ్గా ఆనదు. వాడేవాడు రాయి మీద రుద్దినప్పుడల్లా మడమకు ముందున్న భాగం అరుగుతుంది, మడమ అరగదు. కొన్నాళ్లకు మడమ దగ్గర ముక్కులా ఒక మొటిమ మిగిలి, దాని ముందు గుంట పడుతుంది. తాడును చెక్క మీద పెట్టి కోస్తే ఆ గుంట కింద పోగులు తెగకుండా మిగిలిపోతాయి. దీనికి మందు చాలా చిన్నది: పదును మొదలయ్యే చోట ఒక చిన్న గాడి. 2 మిల్లీమీటర్లు చాలు. అది మరీ పెద్దదైతే తాడు, అట్ట అందులో చిక్కుకుని లాగుతాయి. వేలు పెట్టుకునేంత గాడి కావాలనేవాళ్లూ ఉన్నారు, అది వేరే సంగతి, దానికోసం కోసే అంచులో సెంటీమీటరు పైన పోతుంది. చిన్న చాకులో ఆ బేరం నాకు గిట్టదు. తెరవడానికి బ్లేడు మీద పెట్టే బొడిపెలను కూడా కాస్త వెన్ను వైపు, పిడి వైపు జరపండి. పదునుకు దగ్గరగా ఉంటే సాన పట్టేటప్పుడు రాయికి తగులుతాయి, మందపాటి అట్ట కోసేటప్పుడు అడ్డం పడతాయి.

ఇక స్టీల్. పేరు కంటే దానికి ఇచ్చిన హీట్ ట్రీట్‌మెంట్ ముఖ్యం అని అందరూ అంటారు, కొనేటప్పుడు మాత్రం అందరూ పేరే చూస్తారు. 2001లో క్రూసిబుల్ కంపెనీ ఎస్30వీ తెచ్చినప్పుడు చాకుల కోసమే రూపొందించిన స్టీల్ అని పెద్ద పేరొచ్చింది. అప్పటినుంచీ ప్రతి రెండు మూడేళ్లకూ కొత్త పేరు మోగుతూనే ఉంది. 2021లో లోహ శాస్త్రవేత్త లారిన్ థామస్ రూపొందించిన మాగ్నాకట్ వచ్చింది. అది నిజంగా మంచి స్టీల్. తుప్పు పట్టకపోవడం, విరగకపోవడం, పదును నిలవడం, ఈ మూడూ ఒకేచోట ఇంత సమంగా కుదరడం అంతకుముందు అరుదు. ఆ సమతూకం ఎలా వచ్చిందంటే, మామూలు స్టెయిన్‌లెస్ రకాల్లో పెద్దపెద్ద క్రోమియం కార్బైడ్లు (కార్బన్‌తో కలిసిన గట్టి రేణువులు) ఉంటాయి, ఇందులో అవి లేకుండా చూసి, సన్నటి వనేడియం, నయోబియం కార్బైడ్లు మాత్రం ఉంచారు. కానీ గట్టిదనం కొలిచే రాక్‌వెల్ లెక్కలో దాన్ని 62, 63 దగ్గర ఉంచితే కనిపించే గుణం వేరు, భయపడి 59 దగ్గర వదిలేస్తే కనిపించేది వేరు. 59 దగ్గర అంచు విరగదు, ఒరుగుతుంది. చవకైన స్టీల్‌తో చేసిన మంచి చాకు దాని పక్కన నిలబడుతుంది.

అందుకని మేం అడిగేది, 58 నుంచి 61 అని గోడకు సున్నం కొట్టినట్టు వెడల్పుగా ఒక పరిధి రాయకండి. మీ లక్ష్యం ఎంత, పరీక్షించిన ముక్కల్లో ఎంత వచ్చింది, చెప్పండి. హీట్ ట్రీట్‌మెంట్ బయట చేయించినా ప్రతి విడతలో రెండు మూడు బ్లేళ్లు పరీక్షించుకోవడం పెద్ద పని కాదు.

మీ మొదటి మోడల్‌కు నన్నడిగితే 14సీ28ఎన్ చెబుతాను. స్వీడన్‌లో ఆలైమా చేసే స్టీల్, అంతకుముందు శాండ్‌విక్ పేరుతో వచ్చేది. అందులో కార్బైడ్లు సన్నగా ఉంటాయి, కాబట్టి అంచును పలచన చేసినా నిలబడుతుంది, తుప్పును బాగా తట్టుకుంటుంది, మామూలు రాయి మీద పదునెక్కుతుంది. 60, 61 దగ్గర గట్టిపరచండి. ఎం390 లాంటి ఖరీదైన స్టీళ్లు ఎక్కువ కాలం కోస్తాయి, నిజమే. అయితే వాటిలోని వనేడియం కార్బైడ్లు మామూలు సానరాయిలోని అల్యూమినియం ఆక్సైడ్ కంటే గట్టివి. వాటికి వజ్రపు పొడి అద్దిన డైమండ్ ప్లేటు కావాలి. పదును మొద్దుబారాక దాన్ని తిరిగి తెచ్చుకోలేని మనిషికి పదును ఎక్కువ కాలం నిలిచే స్టీల్ ఇస్తే, మొద్దు చాకును ఎక్కువ కాలం వాడతాడు. డీ2 అనే స్టీల్ చవక, పదును బాగా నిలుపుకుంటుంది, కానీ స్టెయిన్‌లెస్ అనుకుని తడి జేబులో పెట్టుకుంటారు. దాంట్లో 12 శాతం దాకా క్రోమియం ఉన్నా చాలా భాగం కార్బైడ్లలో ఇరుక్కుని ఉంటుంది, తుప్పును ఆపడానికి మిగిలేది కొంచెమే. డీ2 పెడితే పెట్టె మీద ఆ మాట రాయండి.

స్క్రూల దగ్గరికి వస్తే నాకు మాటలు ఎక్కువవుతాయి, ఓపిక పట్టండి.

బ్లేడు తిరిగే ఇరుసుకు రెండు వైపులా స్క్రూలుంటాయి. ఒక వైపు విప్పుతుంటే మొత్తం ఇరుసు గొట్టం గిరగిరా తిరుగుతుంది. రెండో వైపు ఇంకో స్క్రూడ్రైవర్ పెట్టి పట్టుకోవాలి. రెండో వైపు అలంకారం కోసం గాడి లేని బిళ్ల పెట్టారనుకోండి, ఇక పట్టుకోవడానికి ఏమీ ఉండదు. చాకును కాస్త తెరిచి వేళ్లతో పిడిని నొక్కి, రాపిడితో ఆపుతూ తిప్పాలి. దీనికి పరిష్కారం ఎప్పుడో కనిపెట్టారు. ఇరుసు తలను ఒక పక్క చదును చేసి, పిడిలోని రంధ్రాన్ని అదే ఆకారంలో కోస్తే అది తిరగదు. చాలా మంచి చాకుల్లో ఉంది. లేనివాటిలో ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

ఆ తర్వాత స్క్రూల సైజు. నక్షత్రం ఆకారపు గాడి ఉన్న స్క్రూలకు టీ6, టీ8 అని సైజులుంటాయి. క్లిప్పుకు టీ6, పిడికి టీ8, ఇరుసుకు టీ10, కొన్నిచోట్ల కంపెనీ సొంత ఆకారం, దానికి సొంత పనిముట్టు. టీ6 తల మీద గాడి ఎంత చిన్నదంటే, ఫ్యాక్టరీలో స్క్రూ వదులవకుండా వేసే జిగురు కాస్త ఎక్కువైతే చాలు, మొదటిసారి విప్పబోయినప్పుడే గాడి గుండ్రంగా అరిగిపోతుంది. నా దగ్గర అలాంటి స్క్రూల మీద హీట్ గన్ పెట్టడం, ఎడమ వైపు తిరిగే డ్రిల్లు బిట్‌తో లాగడం నిత్యం ఉన్న పనే. అన్నీ టీ8 చేయండి, ఇరుసు మాత్రం పెద్దదైతే టీ10. జిగురు ఒక చుక్క ఇరుసుకు చాలు. క్లిప్పు స్క్రూలకు వేయాలనుకుంటే మెత్తటి రకం వేయండి.

విప్పితే వారంటీ పోతుందనే షరతు మా అందరికీ ఒళ్లు మండించేది. జేబులో తిరిగే చాకులోకి దూది, ఇసుక, చెమట చేరతాయి. విప్పకుండా శుభ్రం చేయాలంటే నీళ్లు, నూనె పోసి ఊదడమే గతి. విప్పడం వల్ల పాడైనదానికి వారంటీ ఇవ్వం అంటే న్యాయం, విప్పినందుకే ఇవ్వం అంటే కాదు. పెట్టెలో రెండు అదనపు స్క్రూలు, ఒక జత వాషర్లు వేసి ఇవ్వండి. మీకు అయ్యే ఖర్చు చాలా తక్కువ, కొన్నవాడు పది మందికి చెబుతాడు.

వాషర్లు అన్నాను గనక బేరింగుల మాట. బ్లేడును వేలితో తోస్తే టక్కున తెరుచుకునే సరదా కోసం ఇప్పుడు దాదాపు అన్నిటికీ బాల్ బేరింగులు వేస్తున్నారు. బాగుంటాయి, నాకూ ఇష్టమే. కానీ బేరింగుల మధ్య ఖాళీల్లోకి సన్నటి ఇసుక చేరితే కరకరలాడుతుంది, స్టీల్ గుండ్లు తుప్పు పడతాయి. తోటపని, పడవ పని, నిర్మాణ పని చేసేవాళ్లకు ఫాస్ఫర్ బ్రాంజ్ వాషర్లే మేలు. మురికి చేరినా అరుగుతూ పనిచేస్తూనే ఉంటాయి. తెరుచుకునే చప్పుడు కోసం పెట్టే శ్రద్ధలో సగం అంచు మీద పెట్టి ఉంటే ఈ సమాధానం సగంలో అయిపోయేది.

క్లిప్పు గురించి. 1981లో స్పైడర్‌కో జేబు అంచుకు తగిలించే క్లిప్పు ఉన్న మడత చాకు తెచ్చింది, ఆ తర్వాత అందరూ పెట్టడం మొదలుపెట్టారు. ఇన్నేళ్లయినా క్లిప్పును చాకు మొత్తం అయిపోయాక చివర్లో అతికించే వస్తువులాగే చూస్తున్నారు. పిడిని గట్టిగా పట్టుకుని కోసి చూడండి, అరచేతిలో ఎక్కడ గుచ్చుకుంటుందో తెలుస్తుంది. చాలాసార్లు అది క్లిప్పు పైకి తిరిగిన తోక. అది అంత పైకి లేవాల్సిన పని లేదు, జేబు బట్ట దూరేంత వాలు ఉంటే చాలు, అంచులు గుండ్రం చేయాలి. జీన్స్ జేబు అంచు కుట్టు దగ్గర బట్ట మడతలు పడి మందంగా ఉంటుంది. క్లిప్పు మెడ దగ్గర ఆ మందం పట్టేంత చోటు ఉండాలి, కొస మాత్రం పలచటి బట్టను కూడా పట్టి ఉంచాలి. ఈ రెండూ కుదిరిన క్లిప్పులు తక్కువ.

ఇంకో చిన్న సంగతి, ఎవరూ పట్టించుకోనిది. పిడి జారకుండా ఉండాలని జీ10 పలకను (గాజు పీచు, రెసిన్ కలిపి చేసింది) గరుకుగా చేస్తారు. మంచిదే. కానీ క్లిప్పు కింద కూడా అదే గరుకు ఉంచితే, తీసి పెట్టినప్పుడల్లా అది ఆకురాయిలా బట్టను కొరుకుతుంది. కొన్ని నెలల్లో జేబు అంచు పీచులు లేచి చిరుగుతుంది. క్లిప్పు కొస ఆనే చోట రూపాయి బిళ్లంత మేర నున్నగా వదిలితే చాలు. మెషీన్ ప్రోగ్రాంలో రెండు వరుసల మార్పు.

ఎడమచేతి వాటం వాళ్ల కోసం క్లిప్పు రెండో వైపు మార్చుకునే రంధ్రాలు పెట్టి, చేతులు దులుపుకుంటారు. లాక్ సంగతి? పిడి లోపలి రేకు పక్కకి జరిగి బ్లేడును ఆపే లైనర్ లాక్, పిడి పలకే ఆ పని చేసే ఫ్రేమ్ లాక్ రెండూ కుడి బొటనవేలి కోసం చేసినవే. ఎడమ చేత్తో పట్టుకుని మూయాలంటే వేళ్లను వంకర తిప్పాలి. ఫ్రేమ్ లాక్‌లో క్లిప్పు అటు మారిస్తే తీరు ఇంకా ఇబ్బందిగా ఉంటుంది. ప్రపంచంలో పది మందిలో ఒకరు ఎడమచేతి వాటం వాళ్లు. వాళ్లకు నిజంగా పనికొచ్చేవి బ్లేడు వెనక అడ్డంగా ఉన్న కడ్డీతో ఆపే అడ్డకడ్డీ లాకులు, పిడి వెన్ను మీద నొక్కితే విడిచే వెన్ను లాకులు. బిల్ మెక్‌హెన్రీ, జేసన్ విలియమ్స్ రూపొందించిన యాక్సిస్ లాక్‌ను బెంచ్‌మేడ్ 1998లో తెచ్చింది. పేటెంట్ గడువు తీరాక ఇప్పుడు చాలామంది అలాంటి అడ్డకడ్డీ లాకులు చేస్తున్నారు. రెండు చేతులకూ సమానం, మూసేటప్పుడు వేలు బ్లేడు దారిలోకి రాదు. ఈ రెండో గుణమే నాకు ముఖ్యం. బొటనవేలు బ్లేడు మూసుకునే దారిలో పెట్టి లాక్ విడిపించే పద్ధతి అలవాటైతే ఏమీ కాదంటారు, కానీ చలికి వేళ్లు మొద్దుబారినప్పుడు, చేతికి నూనె అయినప్పుడు ఆ అలవాటు ఎంత నమ్మకమో చెప్పలేం.

అడ్డకడ్డీ లాక్‌లో బలహీనత దాని వెనకున్న సన్నటి తీగ స్ప్రింగులు. రెండు పక్కలా ఒక్కొక్కటి ఉంటుంది, ఏళ్ల తరబడి వంగి వంగి ఒకటి పుటుక్కున విరుగుతుంది. రెండోది ఉంది కాబట్టి చాకు వెంటనే చేతిలో మూసుకుపోదు, కానీ ఇక వాడకూడదు. ఒక జత స్ప్రింగులు విడిగా అమ్మండి, లేదా పెట్టెలోనే వేయండి. ఒక చిన్న తీగ ముక్క కోసం చాకును దేశాలు దాటించి కంపెనీకి పంపి వారాలు ఆగడం ఎవరికైనా విసుగే.

టైటానియం ఫ్రేమ్ లాక్ చేసేట్లయితే ఒక మాట. టైటానియం, స్టీల్ ఒకదానితో ఒకటి రాసుకుంటే అంటుకున్నట్టు పట్టేస్తాయి. మూయబోతే లాక్ కదలదు, బొటనవేలు నొప్పి పుడుతుంది. లాక్ కొసకు చిన్న స్టీల్ ముక్క బిగించి, అది మార్చుకునేలా చేస్తే ఆ బాధ పోతుంది, అరిగితే కొత్తది వేసుకోవచ్చు. బ్రిటన్‌లో కారణం చెప్పనవసరం లేకుండా జేబులో పెట్టుకోవాలంటే లాక్ లేని, 3 అంగుళాలు దాటని అంచున్న మడత చాకై ఉండాలి. అక్కడివాళ్లు మంచి స్టీల్, సన్నటి అంచు ఉన్న లాక్ లేని చాకుల కోసం చాలాకాలంగా మొత్తుకుంటున్నారు. ఒకే పిడికి రెండు రకాలూ చేయగలిగితే ఆలోచించండి.

పిడి మీద ఎక్కువ చెప్పను. జేబులో పలచగా ఉండాలని 9, 10 మిల్లీమీటర్లకు తెచ్చేస్తున్నారు. రెండు పెట్టెలు కోయడానికి ఫర్వాలేదు, చెక్క చెక్కుతూ అరగంట కూర్చుంటే వేళ్ల మడతలు నొప్పి పుడతాయి. 12, 13 ఉండి అంచులు బాగా గుండ్రంగా ఉంటే జేబుకూ చేతికీ కుదురుతుంది. వేళ్లకు గాడులు తీయకండి, నా వేళ్లు వేరు, మీ వేళ్లు వేరు. వెన్ను వైపు మూసేయకుండా రెండు మూడు చిన్న స్తంభాల మీద నిలబెడితే లోపలి దూది ఊదితే పోతుంది.

చివరగా, స్పెసిఫికేషన్ల కాగితం. బ్లేడు పొడవు అని రాస్తారు, పిడి అంచు నుంచి మొన దాకా కొలిచి. అందులో మడమ దగ్గర కోయని భాగం సెంటీమీటరున్నా కలిపేస్తారు. కోసే అంచు పొడవు విడిగా రాయండి. దాని పక్కన అంచు వెనక మందం, పదును కోణం, పరీక్షించిన గట్టిదనం రాయండి. బరువు క్లిప్పుతో తూచినదా లేకుండానా చెప్పండి. పెట్టె, లోపలి సంచి, స్టిక్కర్లు, సంఖ్య వేసిన పరిమిత ఎడిషన్ సర్టిఫికెట్, ఇవేవీ మాకు అక్కర్లేదు. ఆ డబ్బుతో ఆ స్క్రూలు, స్ప్రింగులు వేయండి.